నారాయణఖేడ్ నుంచి దవాఖానకు ఎంత దూరం

1956 అక్టోబరు 31 వరకు నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో ఒక తాలూకా. ఆ మరునాడు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమల్లోకి వచ్చి, మూడు భాషల వాళ్లు కలిసి బతికిన ఆ జిల్లా మూడు రాష్ట్రాలకు పంచబడింది. కన్నడ తాలూకాలు బీదర్ పట్టణంతో సహా మైసూరు రాష్ట్రానికి, అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసి మెదక్ జిల్లాకు చేరాయి. పటం మీద గీత గీసి కొలిస్తే ఖేడ్ నుంచి బీదర్ 30 కిలోమీటర్లు. కొత్త జిల్లా కేంద్రం సంగారెడ్డి 55 కిలోమీటర్లు. రోడ్డు వంపులు కలిపితే రెండూ ఇంకా పెరుగుతాయి. జిల్లా కేంద్రం అంటే కచేరీ, కోర్టు మాత్రమే కాదు, పెద్ద దవాఖాన కూడా. రాష్ట్రం మారిన రోజునే ఖేడ్ రోగికి సర్కారు చూపించే పెద్ద దవాఖాన దాదాపు రెట్టింపు దూరం జరిగింది.

ప్రజారోగ్య సేవలు ఎంత సమర్థంగా పనిచేశాయో చెప్పడానికి పడకలు, వైద్యులు, ఖర్చు అనే లెక్కలు మామూలుగా వాడతారు. ఖేడ్ లాంటి చోట వాటన్నిటికన్నా ముందు వచ్చే లెక్క దూరం. జబ్బు పడ్డ మనిషి ఇంటి గడప నుంచి, ఆ జబ్బు తెలిసిన మనిషి దగ్గరికి చేరడానికి ఎంత సమయం పట్టింది, మధ్యలో ఎన్ని చోట్ల ఆగాల్సి వచ్చింది అన్నదే నూట యాభై ఏళ్లుగా ఇక్కడి ఆరోగ్య చరిత్రను నడిపించిన ప్రశ్న.

నేటి సంగారెడ్డి జిల్లాకు వాయవ్య మూల నారాయణఖేడ్. చుట్టూ కంగ్టి, మనూర్, నాగల్‌గిద్ద, కల్హేర్, సిర్గాపూర్, నిజాంపేట మండలాలు. ఒక పక్క కర్ణాటక, కాస్త పైకి వెళితే మహారాష్ట్ర. సంతలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు వినిపిస్తాయి. దక్షిణాన మంజీర పారుతుంది. ఖేడ్‌కూ బీదర్‌కూ నడుమ ఆ నది దాటాలి. ఊరికి రైలు లేదు. ఊళ్లకు దూరంగా, చేలకు దగ్గరగా చెదిరిన లంబాడీ తండాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వానాకాలం పంట ఇంటికి చేరాక, దసరా దాటితే, చాలా తండాలు సగం ఖాళీ అవుతాయి. జనం చెరకు నరకడానికి జహీరాబాద్ వైపు, కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీల వైపు పోయి ఉగాదికి తిరిగొస్తారు. ఈ నేల మీద ఆరోగ్య సేవ ఎలా ఉండాలో నిర్ణయించేది ఈ చెదురుదనం, ఈ వలస.

హైదరాబాద్ సంస్థానంలో ఆధునిక వైద్యం రాజధానిలో పుట్టి చాలాకాలం రాజధానిలోనే ఉండిపోయింది. 1846లో వైద్య పాఠశాల మొదలై ఉర్దూలో పాఠాలు చెప్పింది. 1866 నాటికి మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వెలిసింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లోనూ 1889లోనూ, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో జరిగిన క్లోరోఫాం కమిషన్ల పరిశోధనలు లండన్ వైద్య పత్రికల్లో పెద్ద చర్చకు దారితీశాయి. ఆ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలో మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అక్కడి నుంచి ఖేడ్ నూట ముప్ఫై కిలోమీటర్ల లోపే. చలిజ్వరానికి కారణం దోమ అన్న ఆ సంగతి ఆ కాస్త దూరం దాటి, మందు చల్లే పంపు రూపంలో పల్లె గోడను తాకడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

1865 తరవాత దివాన్ మొదటి సాలార్‌జంగ్ జిల్లాబందీతో సంస్థానం జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పడింది. ఆ చట్రంలోనే వైద్య శాఖ కూడా కుదురుకుంది. జిల్లా కేంద్రంలో సివిల్ ఆసుపత్రి, తాలూకా స్థాయిలో డిస్పెన్సరీ, ఊళ్లు తిరిగి టీకాలు వేసే ఉద్యోగి అన్నది దాని ఆకారం. యునానీకీ సర్కారు ఆదరణ ఉండేది. పేరుకు ఇది మెట్లమెట్లుగా ఉన్న ఏర్పాటే. కానీ ప్రతి మెట్టుకూ రోగే నడిచి వెళ్లాలి. బండి కట్టించుకోగలిగినవాడికి డిస్పెన్సరీ ఉన్నట్టు, లేనివాడికి లేనట్టు. ఈ ఒక్క లక్షణం ఆ తరవాత చాలా ప్రభుత్వాలు మారినా మారలేదు.

పట్నానికీ పల్లెకూ అసలు తేడా ఆసుపత్రుల్లో కన్నా నీళ్ల దగ్గర మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖం నుంచి ఇంజనీరు విశ్వేశ్వరయ్య ప్రణాళిక వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. భూగర్భ మురుగు కాలువలు, కుళాయి నీళ్లు, ఇరుకు బస్తీల తొలగింపు, అంటువ్యాధులకు విడిగా దవాఖాన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. క్వారంటీన్ అన్న మాట జనం నోట ‘కోరంటి’ అయింది. నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి ఇప్పటికీ అదే పేరు. మందు వేయకముందే జబ్బును ఆపే పని ఇది. అదే దశాబ్దాల్లో పల్లె తాగిన నీళ్లు చెరువువో, దిగుడు బావివో. గత్తర (కలరా) వచ్చిందంటే ఊరు ఖాళీ చేసి చేలలో గుడిసెలు వేసుకోవడమే పల్లెకు తెలిసిన రక్షణ. ప్లేగులోనూ అంతే. ఎలుకలు రాలిపడగానే ఇళ్లు వదిలేవారు. స్ఫోటకాన్ని అమ్మవారన్నారు. వేపమండలు కట్టి, రోగిని వేరుగా పడుకోబెట్టి, చల్లని తిండి పెట్టారు. ఇవన్నీ అజ్ఞానం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. వేరుగా ఉంచడం, ఊరు వదలడం అన్నవి అనుభవం నేర్పిన జాగ్రత్తలే, ఆ రోజుల్లో సర్కారు దగ్గర కూడా అంతకు మించిన ఉపాయం పెద్దగా లేదు.

కాన్పు పూర్తిగా మంత్రసాని చేతి పని. నాడి చూసే హకీం, పసరు ఇచ్చే వైద్యుడు, ఎముక కట్టే మనిషి, తేలు మంత్రం వేసేవాడు ఇంటికి వచ్చేవారు, ధాన్యమో పాతబట్టో తీసుకునేవారు, అర్ధరాత్రి పిలిచినా లేచేవారు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు మంత్రసాని సరిచేయగలిగేది కొంతవరకే, రక్తస్రావం మొదలైతే ఆమె చేయగలిగింది లేదు. బొడ్డు కోసిన కొడవలి వల్ల ధనుర్వాతం వచ్చి పసికందులు పోయేవారు. అయినా ఆమె ఇచ్చిన దాన్ని సర్కారు డిస్పెన్సరీ ఇవ్వలేకపోయింది. పిలిస్తే వచ్చే మనిషి ఆమె.

సర్కారు చేరని చోట్లకు మిషన్లు కొంత చేరాయి. మెదక్‌లో వెస్లియన్ మిషన్ ఆసుపత్రి నడిపింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపించి కట్టించిన అక్కడి పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు రాజా నర్సాగౌడ్ విరాళంతో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని స్థాపించారు. చాల్మూగ్రా నూనె సూదిమందు చికిత్సకు డిచ్‌పల్లి పేరు పొందింది, సంస్థానం ఎల్లలు దాటి రోగులు వచ్చారు. బీదర్‌లో మెథడిస్ట్ మిషన్ వైద్యం ఉండేది. ఖేడ్ ప్రాంతం ఈ మూడింటి నడుమ ఉంది, మూడింటికీ దూరంగా ఉంది. మెదక్ తూర్పున, డిచ్‌పల్లి ఈశాన్యాన, రెండూ ఎద్దుబండికి రోజుల ప్రయాణం. బీదర్ ఒక్కటే కాస్త అందే దారి.

1943లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నియమించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక తరవాతి కథకు పునాది. 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు, వెయ్యి మందికి పావు పడక కూడా లేదని ఆ కమిటీ లెక్క కట్టింది. వైద్యుల్లో అత్యధికులు పట్నాల్లో ఉన్నారనీ, జనంలో అత్యధికులు పల్లెల్లో ఉన్నారనీ గుర్తించింది. 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని, అందులో చికిత్స, నివారణ ఒకే కప్పు కింద జరగాలని సూచించింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాక ఈ ఆలోచన ఇక్కడికీ వచ్చింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకంలో బ్లాకుకొక ఆరోగ్య కేంద్రం అన్నది నియమమైంది. డబ్బు మాత్రం కమిటీ అడిగిన దానికన్నా ఎంతో తక్కువ. అడిగిన వైద్యులకు బదులు ఒకరిద్దరు, అడిగిన పడకలకు బదులు ఆరు. 40,000 అన్న జనాభా అంకె కాగితం మీద ఉండగానే ఒక్కో బ్లాకు 60,000, 80,000 మందిని మోసింది.

సరిగ్గా ఈ కేంద్రాలు పుట్టే వేళకే నారాయణఖేడ్ జిల్లా మారింది, రాష్ట్రమూ మారింది. మెదక్ జిల్లా పటంలో అది చిట్టచివరి మూల అయింది. హైదరాబాద్ పక్కన ఉండే పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాలకు పరిశ్రమలు, రోడ్లు, ఇంటికి వెళ్లి రాగల ఉద్యోగులు దొరికారు. ఖేడ్‌కు వేసిన ఉద్యోగి కుటుంబాన్ని పట్నంలో ఉంచి వచ్చేవాడు, లేదా బదిలీ కోసం ఎదురుచూసేవాడు. ఒక్క జిల్లాలోనే నగరపు అంచూ, మారుమూలా రెండూ ఉండడం వల్ల జిల్లా సగటు అంకెలు ఖేడ్ పరిస్థితిని దాచిపెట్టాయి. జనం అలవాటు అంత తొందరగా మారలేదు. చుట్టాలు బీదర్ వైపు, బేరాలు బీదర్ వైపు, పెళ్లి సంబంధాలు అటే. జ్వరం ముదిరితే పోయే దారీ అదే. దాంతో సర్కారు లెక్కల్లో ఖేడ్ రోగుల్లో కొంతమంది కనిపించనే లేదు. వాళ్లు పక్క రాష్ట్రం ఓపీ చీటీల్లో ఉన్నారు.

ఆ కాలంలో నిజంగా సమర్థంగా నడిచినవి ఇంటి ముందుకు వచ్చిన కార్యక్రమాలు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ పంపు భుజాన వేసుకుని వచ్చిన మనిషి గోడలకు మందు కొట్టి, తలుపు మీద తేదీ రాసి వెళ్లేవాడు. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చి ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. కాపలా సడలాక 1976లో మళ్లీ 64 లక్షలకు చేరాయి. ఇంటింటికీ వెళ్లే మనిషి ఆగిపోతే ఏం జరుగుతుందో చెప్పే అంకెలివి. 1962లో మొదలైన స్ఫోటక నిర్మూలన 1975 మేలో దేశంలో చివరి కేసుతో ముగిసింది. కేసు ఎక్కడ ఉందో వెతుక్కుంటూ వెళ్లి, చుట్టూ ఉన్న ఇళ్లన్నిటికీ టీకా వేసే పద్ధతి ఆ విజయాన్ని తెచ్చింది. నారికురుపు కథ ఇంకా నేర్పుతుంది. దానికి మందు లేదు, టీకా లేదు. దిగుడు బావిలోకి రోగి కాలు పెట్టకుండా చూడడం, నీళ్లు గుడ్డలో వడకట్టడం, బోరింగు వేయడం, ఇంతే. ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో ఉన్న ఆ జబ్బు 1996లో చివరి కేసుతో పోయింది, 2000లో దేశం దాని నుంచి విముక్తి పొందినట్టు ధ్రువీకరణ వచ్చింది. అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందు మూసీ వరద తరవాత నగరానికి దక్కిన మేలు, అంటే నీటిని మార్చి జబ్బును ఆపడం, పల్లెకు ఈ రూపంలో ఆలస్యంగా చేరింది.

మిగతా పని కొలిచే తీరు మాత్రం వేరే దారి పట్టింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక్కో జబ్బుకు ఒక్కో ఉద్యోగి బదులు బహుళార్థ ఆరోగ్య కార్యకర్త ఉండాలని చెప్పింది. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి అన్న లెక్క తరవాత స్థిరపడింది. ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) అన్న మూడక్షరాల మనిషి పల్లెలో సర్కారు వైద్యానికి ముఖమైంది. కానీ ఆమె పనితనాన్ని చాలా ఏళ్లపాటు కుటుంబ నియంత్రణ ‘కేసుల’తోనే తూచారు. నెలకు ఇన్ని ఆపరేషన్లు అన్న లక్ష్యం ముందు గర్భిణి రక్తపోటు, బిడ్డ బరువు వెనకబడ్డాయి. 1996లో లక్ష్యాల పద్ధతిని అధికారికంగా ఎత్తేశారు. అప్పటికి ఒక తరం ఆడవాళ్లు ఏఎన్‌ఎంను ఆపరేషన్‌కు తీసుకుపోయే మనిషిగానే గుర్తుపెట్టుకున్నారు.

తండాల సంగతి ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. తెలంగాణలో లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతో వచ్చింది. కానీ మెదక్ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఏజెన్సీల్లో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్నట్టు ఖేడ్ తండాలకు ఒక ప్రత్యేక యంత్రాంగం లేదు. జనం గిరిజనులు, నేల మైదానం. ఐదు వేల జనాభా ఒక్క ఊళ్లో ఉంటే ఏఎన్‌ఎం రెండు వీధులు తిరిగితే చాలు. అదే ఐదు వేలు పది పదిహేను తండాల్లో చెదిరి ఉంటే ఆమె వారమంతా నడవాలి. జనాభాను లెక్కపెట్టి దూరాన్ని వదిలేసిన ఆ కొలమానం చెదిరిన జనానికి అన్యాయం చేసింది, ఆ అన్యాయంలో ఎక్కువ భాగం ఏఎన్‌ఎం కాళ్ల మీద పడింది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1986 చట్టంతో ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ ఏర్పడి జిల్లా, ఏరియా, సామాజిక ఆసుపత్రుల నిర్వహణ దాని చేతికి వెళ్లింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద, బోధనాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుల కింద ఉండిపోయాయి. తరగతికొక యజమాని ఉంటే నిర్వహణ బాగుపడుతుందన్నది ఆలోచన, మధ్యస్థాయి ఆసుపత్రులు కొంత బాగుపడ్డాయి కూడా. కానీ రోగి ఒక్కడే. కంగ్టి వైపు తండా నుంచి ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి ఖేడ్ ఆసుపత్రికి, సంగారెడ్డికి, చివరికి హైదరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికో ఉస్మానియాకో వెళ్లే మనిషి మూడు శాఖలు దాటుతాడు. ప్రతి గడప దగ్గర కొత్త చీటీ, మళ్లీ రక్తపరీక్ష, మళ్లీ మొదటి నుంచి కథ చెప్పడం. వైద్యంలో పోయిన గంటలు ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే పోయాయి.

సర్కారు ఆసుపత్రి సామర్థ్యాన్ని శాస్త్రీయంగా కొలిచే ప్రయత్నాల్లో ఈ పరిషత్ ఆసుపత్రులకు ప్రత్యేక స్థానం ఉంది. ప్రశాంత మహాపాత్ర, పీటర్ బెర్మన్ 1994లో ప్రచురించిన విశ్లేషణ ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థాయి ఆసుపత్రుల మీదే జరిగింది. పడకలు ఎంత శాతం నిండాయి, ఒక్కో పడక మీద ఏడాదిలో ఎందరు రోగులు మారారు, రోగి సగటున ఎన్ని రోజులు ఉన్నాడు అన్న మూడు అంకెలను ఒకే పటం మీద పెడితే ఆసుపత్రులు గుంపులుగా విడిపోతాయి. నిండుదల తక్కువ, మార్పిడీ తక్కువ ఉన్నది జనం నమ్మని ఆసుపత్రి, లేదా అవసరానికి మించి కట్టినది. నిండుదల తక్కువ, మార్పిడి ఎక్కువ ఉంటే కాన్పులు, చిన్న జబ్బులు చూసి తొందరగా పంపేది. రెండూ ఎక్కువ ఉన్నది బాగా నడిచేది. 1990ల రెండో సగంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన ప్రథమ రెఫరల్ ఆసుపత్రుల ప్రాజెక్టు ఈ తరగతి భవనాలను, పరికరాలను పెంచింది. ఆ పటం నిజాయితీగల పనిముట్టే. అయితే అది గేటు లోపలికి వచ్చిన వాళ్లనే చూస్తుంది. పడక ఖాళీగా ఉన్నది జనానికి జబ్బులు లేకనా, బస్సు లేకనా, మత్తు వైద్యుడు లేడని ముందే తెలిసి రాకపోవడం వల్లనా అన్నది పడకల లెక్కలో తేలదు. మారుమూల ఆసుపత్రికి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే.

ఆసుపత్రికి చేరలేని రోగికీ వైద్యానికీ మధ్య ఖాళీని నింపినవాడు ఆర్‌ఎంపీ వైద్యుడు. పట్టా లేదు, కానీ సైకిలు ఉంది, తరవాత మోటారు సైకిలు. అప్పు పెడతాడు, రాత్రి వస్తాడు, సూది వేస్తాడు. అవసరం లేని యాంటీబయోటిక్‌లు, సెలైన్లు, స్టెరాయిడ్లు పల్లెకు అలవాటు చేసింది అతనే. పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన రోగిని గుర్తించి వెంట తీసుకెళ్లిందీ చాలాసార్లు అతనే. మంత్రసాని పోయిన చోట పిలిస్తే వచ్చే మనిషి మళ్లీ ఒకడు దొరికాడు గనకే అతను నిలిచాడు.

2005 తరవాత సర్కారే దూరాన్ని నేరుగా ఎదుర్కొంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై ఊరికొక ఆశా కార్యకర్త వచ్చింది, ఆసుపత్రి కాన్పుకు నగదు సాయం వచ్చింది. ఆగస్టు 15న 108 అంబులెన్సు హైదరాబాద్‌లో మొదలై కొద్ది ఏళ్లలో రాష్ట్రమంతా వ్యాపించింది. 104 బండి దవాఖానకు మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లకు నెలకొకసారి ఒకే తేదీన వచ్చి బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చేది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల భారం తీసింది. గుండె జబ్బు పిల్లలెందరో దాని వల్ల బతికారు, అది చిన్న సంగతి కాదు. అయితే ఆరోగ్యశ్రీ డబ్బు ఎక్కువగా చేరింది పట్నంలోని ఆసుపత్రులకు. 108 మనిషిని తొందరగా తీసుకెళ్లేదీ పట్నం వైపే. దగ్గరి దవాఖాన బలపడకుండా దూరపు దవాఖానకు దారి సుగమమైతే, ఖేడ్ ఆసుపత్రి పని రోగిని పై ఆసుపత్రికి రాసి పంపడంగా మిగిలే ప్రమాదం ఉంటుంది.

కాన్పుల చరిత్రలో ఈ మార్పు అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. 2017 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్ నుంచి విడివడిన తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం కేసీఆర్ కిట్ మొదలుపెట్టింది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. గర్భిణిని తీసుకెళ్లి, కాన్పయ్యాక తిరిగి ఇంటి దగ్గర దింపే 102 బండి వచ్చింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో సర్కారు దవాఖాన కాన్పులు 30.5 శాతం, 2019-20 సర్వేలో 49.7 శాతం. 2018-20 నాటికి ప్రసూతి మరణాల నిష్పత్తి లక్షకు 43కు తగ్గింది. తెలంగాణ దవాఖానకే ఈ డబ్బు గనక, ఆరు దశాబ్దాల తరవాత కూడా బీదర్ వైపు చూసే సరిహద్దు ఊళ్ల కాన్పులు ఖేడ్ వైపు తిరగడానికి అదొక బలమైన కారణమైంది. అదే సర్వే ఇంకో అంకె చెప్పింది. రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు కోత కాన్పులే. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారులో 44.5 శాతం. కోత కాన్పులు పది శాతం దాటాక ప్రాణాలు కాపాడే లాభం పెరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కోత అవసరమైన తల్లికి అది అందకపోవడం ఒకనాటి పల్లె కష్టం. అవసరం లేని తల్లికీ కోత పడడం నేటి కష్టం. నొప్పులు పడే తల్లి పక్కన రాత్రంతా కూర్చునే మనిషికి ఉన్న విలువ, మంత్రసానులు పోయాక అర్థమైంది. 2017 నుంచి నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ ఇవ్వడం ఆ లోటు గుర్తించి చేసిన పనే.

చెరకు వలస ఈ ఏర్పాట్లన్నిటికీ పరీక్ష. తల్లీబిడ్డల కార్డు ఒక ఉపకేంద్రంలో, మనిషి పక్క రాష్ట్రం చెరకు తోటలో. ఐదో నెలలో వెళ్లిన గర్భిణికి ఎనిమిదో నెల పరీక్ష అక్కడ ఎవరూ చేయరు, ఇక్కడ ఆశా తలుపు తడితే తాళం ఉంటుంది. బిడ్డ టీకాలు విడతల మధ్య తెగిపోతాయి. క్షయ మందు ఆరు నెలలు వరసగా వాడాలి, వలసా దాదాపు ఆరు నెలలే. స్థిరంగా ఉండే కుటుంబం కోసం గీసిన రిజిస్టరులో ఈ జనం ఏటా సగం కాలం కనిపించరు.

2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడి నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది, అదే ఏడాది చాలా తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. చట్టం దృష్టిలో ఖేడ్ ఇప్పుడు పట్టణం. కానీ 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 50,000 జనాభా దాటిన ఊళ్ల కోసం, 2011 లెక్కల్లో ఖేడ్ ఆ అంకెకు చాలా కింద ఉంది. హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్ నుంచి వచ్చిన బస్తీ దవాఖానలు ఐదు నుంచి పది వేల మందికి ఒక ఎంబీబీఎస్ వైద్యుణ్ని నడక దూరంలో పెట్టాయి. వాటిలో తీసిన రక్తం తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ప్రయోగశాలకు వెళ్లి ఫలితం ఫోనుకు వస్తుంది. అదే నమూనాలో పల్లె దవాఖానలు తరవాత వచ్చాయి, వాటిలో చాలా చోట్ల ఆయుర్వేద వైద్యులు, నర్సులు ఆ పాత్ర పోషిస్తున్నారు. నగరంలో బస్తీ దవాఖాన కాదంటే గంటలోపు వెళ్లగలిగే ఇంకో పది చోట్లు ఉంటాయి. ఖేడ్ పల్లెలో ఆ గది తెరుచుకోకపోతే ఆ రోజుకు ఇంకేమీ ఉండదు. ఒకే సేవ ఒకే గంట ఆగితే రెండు చోట్లా నష్టం ఒకటి కాదు.

నిపుణుల కొరత ఇంకా పెద్ద ముడి. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన శస్త్రవైద్యులు, ప్రసూతి, పిల్లల నిపుణుల్లో దాదాపు 80 శాతం లేరు. ఏరియా ఆసుపత్రిలో ఆపరేషన్ గది ఉండడం ఒక్కటే చాలదు. ప్రసూతి వైద్యురాలు, మత్తు వైద్యుడు, పిల్లల వైద్యుడు, రక్తం, ఈ నాలుగూ ఒకే రాత్రి ఒకే చోట ఉండాలి. ఒక్కటి లేకపోతే మిగతా మూడూ పనిచేయవు, తల్లి బండెక్కాల్సిందే. 2022 నవంబరు 15న సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమై జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. 2024లో మెదక్‌కూ కళాశాల వచ్చింది. గాంధీ దాకా పోవాల్సిన రోగుల్లో కొందరు ఇప్పుడు సంగారెడ్డిలో ఆగుతారు. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే 161 నంబరు జాతీయ రహదారి ఖేడ్ ప్రాంతం గుండానే పోతుంది, ఆ దారి వెడల్పయ్యాక ప్రయాణ సమయమూ తగ్గింది. అయినా పటం మీద కొలిస్తే ఖేడ్‌కు అన్నిటికన్నా దగ్గరి సర్కారు వైద్య కళాశాల సంగారెడ్డిది కాదు, మెదక్‌దీ కాదు. 2007లో కర్ణాటక ప్రభుత్వం నెలకొల్పినది, 1956 దాకా ఈ తాలూకాకు జిల్లా కేంద్రంగా ఉన్న అదే బీదర్ పట్టణంలో, మంజీర అవతల ఉంది.